ఉదయగిరి వీలునామా

ఆత్మకూరులోని మా ఇంట్లో ఒక పాత ఇనప్పెట్టె ఉంది. అందులో స్టాంపు కాగితం మీద రాయించిన మా నాన్నగారి వీలునామా ఉంది. ఆయన పోయేనాటికి నాకు ఏడేళ్లు. అనంతసాగరం చెరువు కింద ఉన్న మూడెకరాల మాగాణిని మేము పెద్దవాళ్లమయ్యేదాకా చిన్నాన్న చూసుకోవాలనీ, ఆ తరువాత మాకు అప్పగించాలనీ దాని సారాంశం. పోయేవాడికి కాగితం తప్ప వేరే బలం ఉండదు. ఆ కాగితానికి విలువ ఉందో లేదో తేల్చేది మిగిలినవాడు. రోము, ఈజిప్టుల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఆ పెట్టె గుర్తుకొస్తుంది. ఆ వెంటనే మాకు వాయవ్యంగా ఉన్న ఉదయగిరి కొండ గుర్తుకొస్తుంది. ఈ మూడింటికీ సంబంధం ఏమిటో చెప్పడానికే ఈ టపా.

క్రీ.పూ. 51లో ఈజిప్టు రాజు పన్నెండవ టోలెమీ చనిపోయాడు. అంతకు నాలుగేళ్ల ముందు రోమను సైన్యం అండతోనే పోయిన సింహాసనాన్ని తిరిగి సంపాదించుకున్నవాడు. కూతురు క్లియోపాత్రా, పెద్దకొడుకు పదమూడవ టోలెమీ కలిసి ఏలుకోవాలని వీలునామా రాసి, దాని అమలుకు రోము ప్రజలనే పూచీగా నిలిపాడు. కొడుకు వయసు పదేళ్లకు కాస్త అటూ ఇటూ. అంతఃపుర ఉద్యోగి పొథైనస్, సేనాని అకిల్లాస్, గురువు థియోడోటస్ ఆ పిల్లవాడి చుట్టూ చేరి అక్కను దేశం నుంచి వెళ్లగొట్టారు. క్రీ.పూ. 48లో సీజరు చేతిలో ఓడిన పాంపే శరణు కోరి వస్తే, గెలిచినవాడి మెప్పు కోసం తీరంలోనే చంపించారు. మెప్పు దక్కలేదు. సీజరు పొథైనస్‌కు మరణదండన విధించాడు. బాలరాజు మరుసటి ఏడు యుద్ధంలో నైలునదిలో మునిగిపోయాడు.

క్లియోపాత్రాకు సీజరు వల్ల కలిగిన కొడుకు సిజేరియన్ కథ దీనికి కొనసాగింపే. క్రీ.పూ. 30లో అలెగ్జాండ్రియా ఆక్టేవియన్ వశమయ్యే ముందు తల్లి అతణ్ణి దూరదేశం పంపించింది. తిరిగి వెళ్తే రాజ్యం దక్కుతుందని నమ్మించి వెనక్కి తీసుకువచ్చింది అతని గురువు రోడాన్ అని ప్లూటార్కు రాశాడు. పదిహేడేళ్ల ఆ పిల్లవాణ్ణి ఆక్టేవియన్ చంపించాడు. సీజరు పేరుకు వారసుడు తానొక్కడే ఉండాలన్నది అతని లెక్క. రెండు కథల్లోనూ బాలుణ్ణి ముంచింది ఎదుట నిలిచిన శత్రువు కంటే ముందు, పక్కన నిలిచిన రక్షకుడు.

ఇక మన కొండ దగ్గరికి వద్దాం. ఉదయగిరి దుర్గం సుమారు మూడువేల అడుగుల ఎత్తు. కొండమీద ఎనిమిది, దిగువన ఐదు, మొత్తం పదమూడు కోటలుండేవని జిల్లా చరిత్రకారులు లెక్కగట్టారు. విజయనగర రాజ్య స్థాపకుల్లో ఒకడైన కంపరాయలు ఏలిన సీమ ఇది. తరువాత గజపతులకూ విజయనగరానికీ నడుమ ఈ కోట చేతులు మారుతూ వచ్చింది.

1485లో సంగమవంశపు చివరి రాజును తొలగించి సింహాసనమెక్కినవాడు సాళువ నరసింహరాయలు. అతడు ఉదయగిరి ముట్టడిలో పురుషోత్తమ గజపతికి పట్టుబడి, కోటను వదులుకొని విడుదలయ్యాడు. 1491లో చనిపోతూ తన ఇద్దరు చిన్న కొడుకులను సేనాని తుళువ నరసనాయకునికి అప్పగించాడు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉండి విన్నవి రాసిపెట్టాడు. అతని ప్రకారం నరసింహుడు మరొక బాధ్యత కూడా పెట్టాడు. తన చేతికి రాని కోటలను తరువాతి రాజులు సాధించాలి. వాటిలో రాయచూరు ఒకటి, ఉదయగిరి ఒకటి.

పిల్లల విషయంలో ఏం జరిగిందో మీకు తెలిసిందే. పెద్దవాడు కొద్దికాలానికే హత్యకు గురయ్యాడు. రెండవవాడు ఇమ్మడి నరసింహుడు పేరుకు రాజు. ఉండేది పెనుకొండలో, కాపలా నడుమ. పాలన నరసనాయకునిది. నరసనాయకుడు 1503లో పోయాడు. 1505లో ఇమ్మడి నరసింహుణ్ణి చంపారు. సింహాసనం నరసనాయకుని పెద్దకొడుకు వీరనరసింహునిదయింది. అంటే వీలునామాలో ప్రాణమున్న భాగం చెల్లలేదు. మిగిలింది రాళ్లను గురించిన భాగం.

1509లో వీరనరసింహుడు మరణశయ్య మీద ఉన్నాడు. అతని కొడుక్కి ఎనిమిదేళ్లు. ఆ పిల్లవాడికి అడ్డు లేకుండా తమ్ముడు కృష్ణరాయల కళ్లు తీయించి తెమ్మని మంత్రి సాళువ తిమ్మరుసును ఆజ్ఞాపించాడట. తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించి, కృష్ణరాయలను దాచి, తరువాత పట్టం కట్టించాడని న్యూనిజ్ కథనం. దీన్ని నమ్మని చరిత్రకారులూ ఉన్నారు. కానీ ఆ రోజుల్లో విజయనగర వీధుల్లో ఈ కథ నడిచిందన్నది మాత్రం నిజం. పోతున్న రాజు మాట దాటడం ద్రోహమా, రాజ్యాన్ని నిలపడం విధేయతా? తిమ్మరుసు రెండవదాన్ని ఎంచుకున్నాడు.

సింహాసనమెక్కిన కృష్ణరాయలు నరసింహుని వీలునామాను తలచుకొని ఉదయగిరి మీదికి కదిలాడని న్యూనిజ్ అంటాడు. అతడు చెప్పిన లెక్క ముప్పైనాలుగు వేల కాల్బలం, ఎనిమిది వందల ఏనుగులు. కోట లోపల పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగింది. బండరాళ్లు పగలగొట్టి కొత్త దారులు వేయవలసి వచ్చింది. 1514 జూన్ నాటికి కోట లొంగింది. ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రౌతరాయలు పట్టుబడ్డాడు. చిక్కిన గజపతి బంధువురాలిని రాయలు మర్యాదతో చూశాడని న్యూనిజ్ ప్రత్యేకించి రాశాడు. జూలై 6న రాయలు తిరుమల చేరి, దేవేరులతో స్వామిని దర్శించి, ముప్పైవేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. ఉదయగిరి నుంచి తరలించిన బాలకృష్ణ విగ్రహాన్ని 1515లో విజయనగరంలో కొత్తగుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఆక్టేవియన్ కూడా ఈజిప్టు నుంచి రాతి స్తంభాలను రోముకు తరలించి నిలబెట్టాడు. గెలిచినవాడికి కోట చాలదు, దేశంలో అందరూ చూడదగిన గుర్తు ఒకటి కావాలి.

తన ఇంటివారు చేసిన అప్పును కృష్ణరాయలు ఇలా తీర్చాడని నాకనిపిస్తుంది. నరసింహుని బిడ్డలకు ఇవ్వవలసినది ఇవ్వలేని వంశం, నరసింహుడు కోరిన కొండను గెలిచి తెచ్చింది. అది విధేయతా, విధేయత వేసుకున్న వేషమా? రెండూ కలిసి ఉండటమే అధికారానికి సహజం కాబోలు.

కానీ లెక్క అక్కడితో తీరలేదు. 1524లో రాయలు తన ఆరేళ్ల కొడుకు తిరుమలరాయలకు పట్టం కట్టాడు. ఏడాది తిరగకుండానే పిల్లవాడు చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడింది. రాయలు తిమ్మరుసు కళ్లు తీయించి చెరలో పెట్టించాడనీ, అక్కడే అతడు చనిపోయాడనీ న్యూనిజ్ రాశాడు. గమనించారా? ఒకే రచయిత చెప్పిన రెండు కథల్లోనూ కళ్లే పణం. మొదటిసారి మంత్రి రాజు కళ్లు కాపాడాడు. రెండవసారి రాజు మంత్రి కళ్లు తీశాడు. తిమ్మరుసు నిజంగా దోషి అయినా కాకపోయినా, రాయలను నడిపింది ఏమిటో ఊహించడం కష్టం కాదు. సంరక్షకుడు ఏం చేయగలడో తన తండ్రి చరిత్ర చదివి నేర్చుకున్నవాడు అతడు. పొథైనస్ కొలువులో పుట్టకపోయినా, ఆ నీడ అతని ఇంట్లోనే ఉంది.

1529లో కృష్ణరాయలు చనిపోయేనాటికి పద్దెనిమిది నెలల కొడుకు ఉన్నాడంటారు. అయినా సింహాసనం ఆ పసివాడికి ఇవ్వలేదు, తమ్ముడు అచ్యుతరాయలకు రాసిపోయాడు. ఆ ఒక్క నిర్ణయంలో నలభై ఏళ్ల పాఠం ఉంది. పసివాడి తలమీద కిరీటం పెట్టడమంటే, పక్కన నిలబడ్డవాడి చేతికి కత్తి ఇవ్వడం.

ఆ మధ్య ఉదయగిరి బస్సు దిగి, కొండను చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అన్ని కోటల వెనుకా ఉన్నది ఒక్క ప్రశ్నే అనిపించింది. అడిగేవాడు లేనప్పుడు మాట నిలబెట్టుకునేవాడు ఎవడు?

మా చిన్నాన్న చదువు ఐదో తరగతి. నాకు ఇరవై ఒకటి నిండిన ఏడాది, వరికోతలు కాగానే, ఇంటికి వచ్చి పెట్టె తెరిపించి, పాసుపుస్తకాలూ పద్నాలుగేళ్ల శిస్తు రసీదులూ వరుసగా పేర్చి పెట్టి వెళ్లాడు. మజ్జిగ తాగి వెళ్లమన్నా ఆగలేదు, పొలంలో పని ఉందన్నాడు. ఆయన పేరు ఏ శాసనంలోనూ ఉండదు. అయినా రాజుల కథలు చదివినప్పుడల్లా నేను వాళ్లను కొలిచేది ఆ రసీదుల కట్టతోనే.