సీసాకు పునఃపాకము

రాగికి పులుపు, కంచునకు బూడిద, మట్టిపాత్రకు మరల ఆవములో గాల్చుట, ఇట్లు ధర్మశాస్త్రకారులు పాత్రలకు వేర్వేరు శుద్ధులు చెప్పిరి. మద్యాదులు సోకిన మట్టిపాత్రకు మాత్రము పునఃపాకమువలనను శుద్ధి లేదనిరి. మట్టి పీల్చుకొను స్వభావము గలది గనుక నట్లు చెప్పిరని నా యూహ. త్రాగి పాఱవేసిన ప్లాస్టిక్ సీసాను మరల నాహారపాత్రగా జేయుటలో శాస్త్రజ్ఞులకు ఎదురైన చిక్కును ఇట్టిదియే.

పెట్ అను నీ ప్లాస్టిక్కును 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సను అను నిరువురు నూలుకొఱకు కనిపెట్టిరి. పాలియెస్టరు బట్టయు నీ పదార్థమే. 1973లో అమెరికాయందు నథానియేల్ వయెత్ అను నింజనీరు దీనితో సోడాపానీయముల వాయువును నిలుపగల సీసాకు పేటెంటు పొందెను. 1977 నాటికే పాత సీసాలను కరగించుట మొదలయ్యెను. కాని సీసా తిరిగి సీసా కాలేదు. కుంచెల కుచ్చును, మూటలు కట్టు పట్టీయు నయ్యెను. కరగించుట సులభము. అది మునుపు పీల్చినదేమో తెలిసికొనుట కష్టము.

కొంత పాత పదార్థము కలిసిన పానీయపు సీసాలు 1991లో అమెరికాయందు విపణికి వచ్చెను. తరువాతి కాలమున బలపడిన పద్ధతి యిది. సీసాలను ముక్కలు చేసి నీట వేయుదురు; పెట్ మునుగును, మూతల ప్లాస్టిక్కు తేలును. పిదప వేడి కాస్టిక్ సోడా నీటితో కడుగుదురు. అటుపై గాలి తీసివేసిన పాత్రలో ఇంచుమించు 200 డిగ్రీల వేడిమియందు గంటల తరబడి యుంచగా, లోన నింకిన ద్రవ్యములు ఆవిరియై పోవును.

పోయెనని యెట్లు నమ్ముట? ఇచ్చటి పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది. మంచి ముక్కలను బుద్ధిపూర్వకముగా టోలీను, క్లోరోఫారము వంటి ద్రవ్యములలో నానవేసి, ఆ మైల ముక్కలనే శుద్ధిచేసి, ఎంత మిగిలెనో కొలుతురు. మిగిలినది మనుష్యుని యాహారములో నూరుకోట్ల పాళ్లకు అరపాలు మించరాదని అమెరికా వారి కొలత. మన వంటింటి మడికి ఇంత కాఠిన్యము లేదు!

మన దేశమున ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2018 నియమములలో పునరుద్ధృత ప్లాస్టిక్కును ఆహారమునకు నిషేధించెను. 2022లో పెట్ విషయమున మార్గదర్శకములు ప్రకటించెను. అదే సంవత్సరము ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, 2025-26 మొదలు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో నూటికి 30 పాళ్లు పాత పదార్థ ముండవలెనని నియమించెను.

ఇక మన గ్రామముల మాట. త్రాగునీటి సీసాలో కిరసనాయిలు పోయుట, పురుగుమందు కొలిచి యుంచుట మనమెఱిగినదే. పాత సామానులవాడు దానిలో నేమి పోసితిరని యడుగడు. యంత్రమునకు నది నీటి సీసాయే. ఆహారేతర వస్తువుల సీసాలు నూటికి 5 మించరాదని ఐరోపావారు హద్దు పెట్టుకొనిరి. నీటి పేరుచీటితోనే పోవు మన మందుసీసా ఆ లెక్కకు దొరకదు.