తోటనగరమూ, లష్కరూ, మన వెంచర్లూ

ఇంగ్లండులో నగరాల అంచున వుండే పేటలంటే మన చదువుకున్నవాళ్లకు వొక మోజు వుంది. ఎర్రపెంకుల యిల్లు, ముందు కాస్త పచ్చిక, వెనక కూరగాయల మడి, చెట్లనీడన సద్దులేని వీధి, పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగివచ్చే గృహస్థు - యీ బొమ్మను మనకు మొదట యింగ్లీషు నవలలు చూపించాయి. తర్వాత సినిమాలు చూపించాయి. యిప్పుడు అక్కడ వుద్యోగాలు చేస్తున్న మన పిల్లలు పంపే ఫోటోలు చూపిస్తున్నాయి. ఆ బొమ్మనే జహీరాబాదు దగ్గర బొంబాయి రోడ్డు పక్కన పెద్ద పెద్ద బోర్డుల మీద వేసి గజాల లెక్కన అమ్ముతున్నారు. కాబట్టి ఆ ప్రశాంతత యెట్లా తయారయిందో, దాని ఖరీదు యెవరు చెల్లించారో చరిత్రలో వెతకడం మన పనే అని నేననుకుంటాను.

మాంచెస్టరుతో మొదలుపెట్టాలి. 1842 నుంచి 1844 దాకా అక్కడ వున్న యువకుడు ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికవర్గపు స్థితిగతుల మీద గ్రంథం అచ్చువేశాడు. నగరం నడుమ వర్తక కార్యాలయాలు, వాటి చుట్టూ కార్మికుల వాడలు, ఆ వాడలకు ఆవల గాలి బాగా వీచే మెరకల మీద మిల్లు యజమానుల తోటయిళ్లు - యిదీ ఆయన గీసిన పటం. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి వుంది. తోటయింటి నుంచి కార్యాలయానికి పోయే పెద్ద రోడ్డుకు రెండువైపులా దుకాణాలే వుంటాయి. దుకాణదారు తన లాభం కోసం ముఖద్వారం శుభ్రంగా వుంచుకుంటాడు. ఆ వరస వెనక యేముందో యజమాని కంటపడదు. రోజూ మురికివాడల నడుమనుంచే వెళ్తాడు, జీవితంలో వొక్కసారి కూడా చూడడు. యిదంతా యాదృచ్ఛికమని నమ్మడానికి ఎంగెల్స్ మనసు ఒప్పుకోలేదు. ఆ నగరంలోనే 1830ల చివర వొక కంపెనీ విక్టోరియా పార్కు అనే పేట వేసి, చుట్టూ గోడ కట్టి, గేట్ల దగ్గర సుంకం వసూలు పెట్టింది. మన గేటెడ్ కమ్యూనిటీ కొత్త కల్పన అనుకునేవాళ్లు యిది గమనించాలి.

యీ పేటల్లో యింటి దస్తావేజులోనే షరతులు రాసేవారు: దుకాణం పెట్టరాదు, సారా అమ్మరాదు, పనిశాల నడపరాదు. అంటే నిశ్శబ్దాన్ని కాగితం మీద రాయించుకున్నారన్నమాట. దాన్ని రోజూ తుడిచి మెరుగుపెట్టింది పనిపిల్లలు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో స్త్రీలకు అన్నిటికంటె పెద్ద వుపాధి యింటిపనే.

రెండు మహాయుద్ధాల మధ్య ఇంగ్లండు, వేల్సులలో సుమారు 40 లక్షల యిళ్లు లేచాయి. అందులో పది లక్షలకు పైగా నగర, గ్రామీణ కౌన్సిళ్లు అద్దెకివ్వడానికి కట్టించినవి. శ్రామికవర్గం పోరాడి సంపాదించుకున్న పెద్ద విజయం యిది. కాని అట్లా కార్మికుడు కూడా పచ్చికా గాలీ వున్నచోటికి చేరగానే యేమైందో ఆక్స్‌ఫర్డు వుత్తరపు అంచున వున్న కటస్లో కథ చెబుతుంది.

అక్కడ కౌన్సిలు కట్టించిన యిళ్లూ, వొక ప్రైవేటు కంపెనీ అమ్మకానికి కట్టిన యిళ్లూ పక్కపక్కనే వున్నాయి. రెంటినీ కలుపుతూ వీధులున్నాయి. మురికివాడల నుంచి వచ్చినవాళ్లు పొరుగున వుంటే తన యిళ్లకు గిరాకీ వుండదని కంపెనీకి భయం పట్టుకుంది. 1934లో రెండు వీధులకు అడ్డంగా రెండు గోడలు కట్టింది. ఆరడుగుల మనిషికంటె యెత్తు, పైన యినుప ములుకులు. కౌన్సిలు యిళ్ల పిల్లలూ తల్లులూ పెద్ద రోడ్డుకు చేరాలంటే చుట్టుతిరిగి పోవలసి వచ్చింది. 1935లో కమ్యూనిస్టు కార్యకర్త అబ్రహాం లాజరస్ నాయకత్వాన జనం గోడ కూల్చడానికి బయలుదేరారు. పోలీసులు అడ్డం నిలిచారు. 1938లో కౌన్సిలే కూల్చింది. కోర్టుకు వెళ్లి కంపెనీ మళ్లీ కట్టించుకుంది. నేల కంపెనీది గదా! చివరకు ఆ గోడ కింద నేలను కౌన్సిలు డబ్బిచ్చి కొన్న తర్వాతనే, 1959లో, గోడలు పోయాయి. పాతికేళ్లు పట్టింది. గోడకు ఆవల వున్నవాళ్లు మిల్లు యజమానులు కారు, వాయిదాల మీద యిల్లు కొనుక్కున్న మధ్యతరగతివారు. మనబోటివాళ్లు. అది మరిచిపోయి యీ కథ చదివితే లాభం లేదు.

ఇంగ్లండులో యీ ప్రశ్నను మూలంలో పట్టుకున్నవాడు ఎబెనెజర్ హోవర్డ్. పార్లమెంటు చర్చలను సంక్షిప్తలిపిలో రాసే వుద్యోగి, విప్లవకారుడేమీ కాదు. 1898లో తోటనగరం పథకం ప్రచురించాడు. 6,000 ఎకరాలు, అందులో వెయ్యి ఎకరాల్లో పట్టణం, తక్కినది పొలాలు. 32,000 మంది జనం. పనికి నడిచిపోగల దూరంలో యిళ్లు. మనవాళ్లకు గుర్తున్నది యింతవరకే. హోవర్డ్‌కు మాత్రం చెట్లకంటె లెక్క ముఖ్యం. పొలం పట్టణమైతే నేల విలువ పెరుగుతుంది. ఆ పెరుగుదలను పుట్టించింది అక్కడ చేరిన జనం. కాబట్టి నేల వుమ్మడిగా వుండాలి, అద్దెలు అప్పు తీర్చి ఆపైన జనానికే చెందాలి - యిదీ ఆయన వాదన. వర్గపోరాటం లేకుండా అంతా సవ్యంగా జరుగుతుందన్న భ్రమ ఆయనకు వుంది, నిజమే. అయినా 1903లో లెచ్‌వర్త్ పట్టణం మొదలైంది. 1960లో బయటి కంపెనీ వొకటి వాటాలు చేజిక్కించుకుని ఆ నేలను లాభానికి వాడుకోబోతే, 1962లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ప్రజాసంస్థకు అప్పగించింది. 1947లో లేబరు ప్రభుత్వం దేశమంతటికీ యీ సూత్రాన్నే వర్తింపజేసి నేల విలువ పెరుగుదల మీద సుంకం పెట్టింది. తర్వాతి కన్సర్వేటివు ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది.

మన దేశానికి ఇంగ్లీషు పేట హోవర్డ్ చేతుల మీదుగా రాలేదు, సైన్యం వెంట వచ్చింది. 1798 సంధి తర్వాత హుసేన్‌సాగరానికి ఆవల దిగిన కుంపిణీ దండుకు 1806లో సికందర్ జా పేర సికిందరాబాదు అని పేరు పెట్టారు. జనం లష్కర్ అన్నారు, యిప్పటికీ అంటున్నారు. తిరుమలగిరి, బొల్లారం వైపు విశాలమైన ఆవరణల్లో బంగళాలు, చర్చి, క్లబ్బు; దూరంగా బజారు, సిపాయిల లైన్లు. (బంగళా మన బెంగాలు మాట. దాన్ని తీసుకుపోయి 1870 ప్రాంతంలో కెంటు సముద్రతీరాన కట్టుకున్నారు. దొరల పేటకు మన గుడిసే మాతృక కావడం తమాషా.) యీ దూరానికి ఆరోగ్యశాస్త్రం పేరు చెప్పేవారు, 1897 ఆగస్టులో అక్కడే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. కంటోన్మెంటు హద్దు దోమకు తెలియదు.

చూడవలసింది మరొకటి వుంది. కంటోన్మెంటులో ఓల్డ్ గ్రాంట్ బంగళాలనేవి వున్నాయి. కట్టడం వొకరిది, నేల సర్కారుది. కావలసినప్పుడు తిరిగి తీసుకోవచ్చు. అంటే నేలను వుమ్మడిగా పట్టివుంచడం ఆచరణసాధ్యం కాదన్న వాదన సామ్రాజ్యవాదుల విషయంలోనే అబద్ధమైపోయింది. సైన్యం కోసం వాళ్లు భేషుగ్గా పట్టివుంచారు.

ఇక జహీరాబాదు. 1956 దాకా బీదరు జిల్లాలో వుండి, తర్వాత మెదకులోకీ, 2016లో సంగారెడ్డిలోకీ వచ్చిన తాలూకా; తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ వొకే సంతలో వినిపించే వూరు. చెరుకు, అల్లం, ఆలుగడ్డ, జొన్న, కంది పండే నేల. యీ న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో 12 వేలకు పైగా ఎకరాలతో జాతీయ పెట్టుబడి, వుత్పత్తి మండలం తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాదు వొకటి. ఆ నగరాల గురించి సర్కారు చెప్పిన మాటల్లో పనికి నడిచిపోవడం కూడా వుంది. హోవర్డ్ మాటే! నేలవిలువ యెవరిదన్న ఆయన ప్రశ్న మాత్రం ఓడలో రాలేదు.

పొలాలు తీసుకోవడానికి 2015లో రాష్ట్ర ప్రభుత్వం 123వ నంబరు జీ.వో. తెచ్చింది: రైతు దగ్గర నేరుగా కొనుగోలు. పట్టా వున్నవాడికి డబ్బు. ఆ పొలంలో కలుపు తీసి, కోత కోసి బతికినవాళ్ల వూసు లేదు. నా క్లాసులో కూర్చునే పిల్లల్లో సగం వాళ్ల బిడ్డలే. 2013 కేంద్ర చట్టం అట్టి కూలీ కుటుంబాలను కూడా బాధితులుగా లెక్కిస్తుంది. యీ మండలం కోసం జరిగిన సేకరణ మీదనే వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టులో న్యాయమూర్తి ఆ జీ.వో.ను కొట్టివేశారు. ప్రభుత్వం అప్పీలుకు పోయింది. తర్వాత కేంద్ర చట్టానికి రాష్ట్రం మటుకు సవరణ కూడా చేసుకున్నది. సెంటు భూమి లేనివాళ్లు, భూమి తాలూకు హక్కు మాకూ వుందని కోర్టులో నిలబడటం చిన్న సంగతి గాదు. కటస్లో గోడ దగ్గరికి వెళ్లిన జనం చేసిందీ అదే.

ఆ 2013 చట్టంలోనే 102వ సెక్షను వొకటి వుంది. తీసుకున్న భూమిని యే అభివృద్ధీ చెయ్యకుండా అయిదేళ్ల లోపల యెక్కువ ధరకు మరొకరికి అమ్మితే, పెరిగిన విలువలో నూటికి 40 వంతులు మొదటి సొంతదారులకు పంచాలి. హోవర్డ్ ఆలోచనకు మన శాసనంలో మిగిలిన చిన్న తునక యిది. కాని అందులో కూలీకి వాటా లేదు. రోడ్డు పక్క వెంచర్లకైతే అదీ వర్తించదు. అక్కడ సేకరణ లేదు, యిద్దరి మధ్య రిజిస్ట్రీ మాత్రమే. పొలం చేతులు మారిన నాడు హద్దురాళ్లు పాతడానికి కూలీలను పిలుస్తారు. నిన్నటిదాకా ఆ చేలో పనిచేసినవాళ్లే వస్తారు.