ఫైల్ షేరింగ్ సైట్లు: చట్టవిరుద్ధ కంటెంట్‌కు బాధ్యులెవరు?

ఒకరి దగ్గరున్న ఫైలుకు సర్వర్‌లో చోటిచ్చి, దాన్ని ఎవరికైనా పంపుకునేలా ఒక లింకు ఇచ్చే సేవే ఫైల్ షేరింగ్ సైటు. పెళ్లి వీడియోలు, ఆఫీసు కాగితాలు, ఇంటి ప్లాన్లు రోజూ ఈ దారినే వెళ్తుంటాయి. మొన్న విడుదలైన సినిమా, రచయితకు పైసా చెల్లించని పుస్తకం పీడీఎఫ్, ఒకరికి తెలియకుండా తీసిన వారి వ్యక్తిగత వీడియో కూడా ఇదే దారిన తిరుగుతాయి. అప్‌లోడ్ చేసినవాడు జవాబు చెప్పాల్సిందేననడంలో పెద్దగా వివాదం లేదు. చోటిచ్చిన సైటు సంగతేమిటన్నదే పాతికేళ్లుగా కోర్టులు తేలుస్తూ వస్తున్న ప్రశ్న. ఆ తీర్పులను వరసగా చదివితే ఒక సూత్రం తేటపడుతుంది. ఫైలు సర్వర్‌లో ఉన్నంతమాత్రాన సైటు దోషి కాదు. ఉందని తెలిశాక ఏం చేసింది, దానిమీద ఎలా సంపాదించింది అన్నదాన్ని బట్టే దోషం నిర్ణయమవుతుంది.

మొదటి పెద్ద కేసు నాప్‌స్టర్‌ది. 1999లో మొదలైన ఈ సేవ పాటలను తన దగ్గర దాచుకోలేదు. ఎవరి కంప్యూటర్‌లో ఏ పాట ఉందో చెప్పే పట్టికను మాత్రం తన సర్వర్లలో ఉంచుకుంది. ఆ పట్టిక చేతిలో ఉన్నప్పుడు అడ్డుకునే శక్తి కూడా ఉన్నట్టేనని 2001లో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఆ ఏడాది జులైలో సేవ ఆగిపోయింది. తర్వాత వచ్చిన గ్రోక్‌స్టర్ అలాంటి కేంద్ర పట్టిక లేకుండా జాగ్రత్తపడింది. అయినా, హక్కుల ఉల్లంఘనను ప్రోత్సహిస్తూ ఒక సాధనాన్ని జనంలోకి వదిలినవారు ఆ ఉల్లంఘనకు బాధ్యులేనని 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. స్వీడన్‌లో టొరెంట్ సైటు పైరేట్ బే కేసు నేరవిచారణ దాకా వెళ్లింది. 2009 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ కోర్టు దానితో సంబంధమున్న నలుగురికి ఏడాది చొప్పున జైలు, 3 కోట్ల క్రోనార్ల పరిహారం విధించింది. అప్పీలులో ముగ్గురికి జైలు తగ్గింది, పరిహారం మాత్రం పెరిగింది.

ఫైళ్లను తమ సర్వర్లలోనే ఉంచే సైట్లకు అసలు రక్షణ 1998 నాటి అమెరికా డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంతో వచ్చింది. హక్కుదారు నోటీసు పంపితే సైటు వెంటనే ఆ ఫైలును తీసేయాలి. పదేపదే తప్పు చేసే ఖాతాలను మూసేయాలి. తన అదుపులో ఉన్న ఉల్లంఘన నుంచి నేరుగా లాభం పొందకూడదు. ఇవి పాటిస్తే పరిహారం భారం ఉండదు. ప్రతి ఫైలునూ ముందే వెతికి చూడాలన్న నిబంధన కూడా లేదు. దీన్నే సేఫ్ హార్బర్ అంటారు. ఇంటర్నెట్ వ్యాపారం ఇంతగా పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. నోటీసు అందాక సైటు సరిగ్గా ఏది తీసేయాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. లింకునా, ఫైలునా?

మెగాఅప్‌లోడ్ కేసు అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. హాంకాంగ్ కేంద్రంగా 2005లో మొదలైన ఈ సైటుకు తన ఉచ్చదశలో రోజుకు 5 కోట్ల మంది వచ్చేవారు, ఇంటర్నెట్ రాకపోకల్లో 4 శాతం దీనిదేనన్న లెక్కలున్నాయి. స్థాపకుడు కిమ్ డాట్‌కామ్ న్యూజిలాండ్‌లో ఉండేవాడు. 2012 జనవరి 20న అక్కడి పోలీసులు ఆక్లాండ్ శివార్లలోని అతని భవంతి మీద హెలికాప్టర్లతో దిగి అరెస్టు చేశారు. సైటు 17.5 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించిందనీ, హక్కుదారులకు 50 కోట్ల డాలర్లకు మించి నష్టం కలిగించిందనీ అమెరికా ప్రాసిక్యూటర్లు ఆరోపించారు.

అభియోగపత్రం చెప్పిన పనితీరును దగ్గరగా చూడాలి. అప్‌లోడ్ అయిన ప్రతి ఫైలు నుంచీ కంప్యూటర్ ఒక హ్యాష్‌ను లెక్కకడుతుంది. అది ఫైలుకు వేలిముద్రలాంటిది. అదే హ్యాష్ ఉన్న ఫైలు అప్పటికే ఉంటే సైటు రెండో కాపీ దాచేది కాదు. ఉన్న ఫైలుకే కొత్త లింకు తగిలించి అప్‌లోడ్ చేసినవారికి ఇచ్చేది. అలా ఒకే సినిమాకు లెక్కలేనన్ని లింకులు పుట్టేవి. సినిమా కంపెనీ ఒక లింకు మీద ఫిర్యాదు చేస్తే ఆ ఒక్క లింకే చచ్చిపోయేది. ఫైలు, మిగతా లింకులు పదిలంగా ఉండేవి. ఎక్కువ డౌన్‌లోడ్లు తెచ్చే ఫైళ్లు పెట్టినవారికి సైటు కొంతకాలం నగదు బహుమతులు కూడా ఇచ్చింది. పిల్లలపై లైంగిక దోపిడీ ఫైళ్ల విషయంలో మాత్రం ఇదే హ్యాష్‌తో అన్ని కాపీలనూ తొలగించగలిగిందని ప్రాసిక్యూషన్ ఎత్తిచూపింది. చేతనైన పనిని సినిమాల దగ్గర చేయకపోవడం అజ్ఞానం కిందికి రాదన్నది వారి వాదన. ఈ వాదనలో పస ఉంది.

ఈ దాడిలో అమాయకులూ నష్టపోయారు. అమెరికాలో అద్దెకు తీసుకున్న 1,100కు పైగా సర్వర్లు ఒక్కసారిగా ఆగిపోవడంతో సొంత పనులకు ఫైళ్లు దాచుకున్నవారికి దారి మూసుకుపోయింది. ఒహాయోలో స్కూలు ఆటల వీడియోలు తీసుకుని బతికే వ్యక్తి తన ఫైళ్ల కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఉన్న సర్వర్లను లీజ్‌వెబ్ సంస్థ 2013లో తుడిచేసింది. సైటును శిక్షించేటప్పుడు వాడకందారు సొత్తును కాపాడే ఏర్పాటు చట్టంలో లేకపోవడం పెద్ద లోపం. డాట్‌కామ్‌ను అమెరికాకు అప్పగించే ఉత్తర్వుపై న్యూజిలాండ్ మంత్రి 2024 ఆగస్టులోగానీ సంతకం చేయలేదు. అతని సహచరులు ఇద్దరు న్యూజిలాండ్‌లోనే నేరం ఒప్పుకోగా, 2023లో రెండున్నరేళ్లకు కాస్త అటూఇటూగా జైలుశిక్ష పడింది.

యూరప్ కోర్టులు మరో అడుగు ముందుకేశాయి. ఒక కంప్యూటర్ గేమ్ గురించి నోటీసు అందాక రాపిడ్‌షేర్ ఆ ఒక్క లింకు తీసేసి ఊరుకోకూడదనీ, తన సర్వర్లలోకి దారిచూపే లింకుల జాబితాల్లోనూ ఆ గేమ్ ఉందేమో వెతకాలనీ 2012లో జర్మనీ సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. రాపిడ్‌షేర్ 2015 మార్చి 31న మూతపడింది. యూట్యూబ్, అప్‌లోడెడ్ సైట్ల కేసుల్లో 2021 జూన్‌లో యూరోపియన్ న్యాయస్థానం పరీక్షను మరింత విడమరచింది. ఫలానా ఫైలు సంగతి తెలిసీ తీయకపోయినా, ఉల్లంఘన జరుగుతోందని తెలిసీ తగిన సాంకేతిక జాగ్రత్త తీసుకోకపోయినా, వ్యాపార పద్ధతే ఉల్లంఘనకు ఊతమిచ్చేదైనా సైటే నేరుగా బాధ్యత మోయాలి.

మన దేశంలో ఈ కథ 2004లో ఆన్‌లైన్ అమ్మకాల సైటు బాజీ డాట్ కామ్‌తో మొదలైంది. ఓ అసభ్య వీడియోను ఎవరో ఆ సైటులో అమ్మకానికి పెడితే పోలీసులు సంస్థ సీఈఓ అవనీశ్ బజాజ్‌ను అరెస్టు చేశారు. చివరికి 2012లో, కంపెనీనే నిందితురాలిగా చేర్చలేదన్న కారణంతో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఈలోగా ఐటీ చట్టం 79వ సెక్షన్‌ను మార్చారు. 2009 అక్టోబరు నుంచి, ఇతరుల కంటెంట్‌కు చోటిచ్చే మధ్యవర్తి సంస్థలకు విస్తృత రక్షణ దక్కింది. ఈ తేదీ ఎంత ముఖ్యమో తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసు చూపుతుంది. గూగుల్ గ్రూప్స్‌లో వచ్చిన రాతలు తమ పరువు తీశాయంటూ విశాక ఇండస్ట్రీస్ సికింద్రాబాద్ కోర్టులో ఫిర్యాదు చేసింది. అది ఫైళ్ల గొడవ కాదు గానీ చిక్కు అదే. సవరణకు ముందు నాటి వ్యవహారం కాబట్టి కొత్త రక్షణ గూగుల్‌కు వర్తించదని 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

79వ సెక్షన్ రక్షణ నిలవాలంటే, చట్టవిరుద్ధ కంటెంట్ ఉందని తెలిశాక సైటు దాన్ని తీసేయాలి. ఆ ‘తెలియడం’ అంటే కోర్టు ఉత్తర్వు లేదా ప్రభుత్వ ఆదేశం అందడమేనని శ్రేయా సింఘాల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. కాపీరైట్‌కు ఢిల్లీ హైకోర్టు మరో కొలత పెట్టింది. మ్యూజిక్ కంపెనీ టీ-సిరీస్ వారు సోషల్ మీడియా సైటు మైస్పేస్‌పై వేసిన కేసులో, కోర్టు ఉత్తర్వు అక్కర్లేదనీ, ఏ పాట ఎక్కడుందో హక్కుదారు స్పష్టంగా చెబితే 36 గంటల్లో తీసేయాలనీ 2016లో తీర్పిచ్చింది. మొత్తం కేటలాగు పంపి ఇందులో ఏదున్నా తీసేయండంటే చెల్లదు.

ఇక్కడే చిన్నవాళ్లకు అన్యాయం జరుగుతోంది. పెద్ద మ్యూజిక్ కంపెనీకి రోజంతా లింకులు వెతికే ఉద్యోగులుంటారు. వెయ్యి కాపీలు అచ్చువేసే తెలుగు ప్రచురణకర్తకు ఎవరుంటారు? తన పుస్తకం పీడీఎఫ్ ఎక్కడెక్కడ తిరుగుతోందో వెతకాల్సింది ఆయనే, నోటీసు రాయాల్సింది ఆయనే. తీయించిన మర్నాడే అది మరో లింకుతో ప్రత్యక్షమవుతుంది. ఒకసారి తీసేసిన ఫైలు అదే రూపంలో తిరిగి ఎక్కకుండా హ్యాష్‌తో ఆపడం సైట్లకు కొత్త విద్యేమీ కాదు. ఆ మాత్రం పని చట్టబద్ధం చేయాలి. సమీక్షకోసం, బోధనకోసం వాడిన భాగాన్ని యంత్రం దొంగసొత్తుగా పొరబడవచ్చు గనుక, అభ్యంతరం వస్తే మనిషి చూసి తేల్చే ఏర్పాటూ ఉండాలి.

టెలిగ్రామ్ విషయంలో 2022లో ఢిల్లీ హైకోర్టు మరో తలుపు తెరిచింది. ఓ కోచింగ్ టీచరు పాఠాలు, పుస్తకాలు అక్కడి ఛానళ్లలో తిరుగుతున్నాయి. ఒకటి మూసేస్తే ఇంకొకటి. సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయనీ, అక్కడి చట్టం ఒప్పుకోదనీ సంస్థ చెప్పినా కోర్టు వినలేదు. ఛానళ్లు నడిపేవారి వివరాలు ఇవ్వాల్సిందేనంది. సంస్థ ఇచ్చింది.

పైరసీయే వృత్తిగా పెట్టుకున్న సైట్ల లెక్క వేరు. అవి మధ్యవర్తులు కావు, సేఫ్ హార్బర్ వాటిది కాదు. 2013లో విడుదలకు ముందే ‘అత్తారింటికి దారేది’లో సగభాగం బయటికొచ్చి, చిత్రం విడుదలను హడావిడిగా ముందుకు జరపాల్సి వచ్చిన రోజులు తెలుగు పరిశ్రమ మరవలేదు. 2019లో ఢిల్లీ హైకోర్టు డైనమిక్ ఇంజంక్షన్ అనే పద్ధతి తెచ్చింది. నిషేధించిన సైటు పేరు మార్చుకుని వస్తే మళ్లీ కొత్త దావా అక్కర్లేదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమా పైరసీకి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 3 లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా. 2025 నవంబరులో సినిమా పైరసీ సైటు ఐబొమ్మ నిర్వాహకుడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు.

పిల్లలపై లైంగిక దోపిడీకి సంబంధించిన ఫైళ్లకు ఏ వెసులుబాటూ లేదు. ఫైలు తొలగించడంతో సరిపోదనీ, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయకపోతే సైటుకు 79వ సెక్షన్ రక్షణ అందదనీ 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

తమ ఆంతరంగిక ఫోటో, వీడియో ఏ సైటులోనైనా కనిపిస్తే బాధితులు కోర్టుకు వెళ్లేదాకా ఆగనవసరం లేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సైటూ ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా ప్రకటించాలి. బాధితులు గానీ, వారి తరఫున మరొకరు గానీ ఆ అధికారికి ఫిర్యాదు చేస్తే 2 గంటల్లోగా దాన్ని తొలగించే చర్య తీసుకోవాలి. ఫిర్యాదులో ఫైలు పూర్తి లింకు తప్పక రాయండి, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జవాబు రాకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఫిర్యాదుల అధికారి నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.