రోయ్‌బోస్ – కొండ విడువని మందుమొక్క

మన పూర్వులలో మొదటివారు 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అనే ఓడలో మద్రాసు నుంచి వచ్చి డర్బన్ రేవులో దిగినారు. 1911 వరకు ఇట్లా ఓడలు వస్తూనే ఉన్నవి. చెరకు తోటలలో కూలి చేసుకుంటూ, ఇంటి వెనుక వారు కరివేపాకు, మునగ, తులసి పెంచుకొన్నారు. దగ్గు పట్టిన పిల్లవానికి పెరటి తులసి కషాయమే మందు. నాటాల్ తీరంలో వానలు వేసవిలోనే పడతాయి, చలి తక్కువ. మన మొక్కలకు ఆ నేల అత్తవారిల్లు కాక పుట్టిల్లే అయినది.

అందుచేత నాటి నీళ్ళు పోస్తే ఏ మందుమొక్క అయినా ఎక్కడైనా బ్రతుకుతుందని మనలో చాలామంది అనుకుంటారు. ఈ దేశంలోనే పుట్టిన రోయ్‌బోస్ చరిత్ర వేరే పాఠం చెబుతుంది.

ఆఫ్రికాన్స్ భాషలో రోయ్‌బోస్ అంటే ఎర్ర పొద. కేప్‌టౌన్‌కు ఉత్తరాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని సీడర్‌బర్గ్ కొండలు, వాటి చుట్టుపక్కలే దీని ఇల్లు. కంది, చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ మొక్కకు ఆమ్లగుణం గల ఇసుకనేల, చలికాలపు వాన, పొడి వేసవి కావాలి. మన డర్బన్ తేమ వేసవి దానికి సరిపడదు.

ఖోయ్, సాన్ ప్రజలు దీని కొమ్మలను కోసి, నలగగొట్టి, కుప్పపోసి పులియబెట్టి, ఎండబెట్టి కషాయం కాచుకునేవారు. కడుపునొప్పికి ఇంటిమందుగా వాడేవారు. 1904లో బెంజమిన్ గిన్స్‌బర్గ్ అనే వర్తకుడు దానిని కొండవారి దగ్గర కొని అమ్మసాగినాడు. 1930 ప్రాంతంలో క్లాన్‌విలియం వైద్యుడు నోర్టియర్ గారు సాగుకు పూనుకొన్నారు. చిక్కు గింజలతో వచ్చినది. కాయ పండగానే చిన్న గింజ చిట్లి ఇసుకలో పడిపోతుంది. ఒక ఖోయ్ స్త్రీ చీమలు దాచుకొన్న గింజలను ఏరి తెచ్చినదని అక్కడ కథగా చెప్పుకుంటారు. పైపొరను గీకితే గింజ మొలుస్తుందని డాక్టరు గారు తెలుసుకొన్నారు. అడవిపొద తోటపంట అయినది.

ఆ ప్రజల జ్ఞానానికి మూల్యం బహు ఆలస్యంగా దక్కినది. రైతుకు ముట్టే ధరపై నూటికి 1.5 వంతు ఖోయ్, సాన్ సంఘాలకు చెల్లించాలని 2019లో ఒప్పందం జరిగినది. 2021లో ఐరోపా సమాఖ్య ఈ పేరుకు చట్టరక్షణ ఇచ్చినది. ఆ ప్రాంతంలో పండినదే అక్కడ రోయ్‌బోస్ అనిపించుకోవాలి.

ఇట్లా పేరును నేలకు కట్టివేసినారు. కాని వాన ఆ కట్టుకు లోబడలేదు. చలికాలపు వానను తెచ్చే మేఘాలు దక్షిణ సముద్రం మీదుగా వస్తాయి. భూమి వేడెక్కిన కొద్దీ అవి ఇంకా దక్షిణానికి తొలగిపోతాయని శాస్త్రజ్ఞుల అంచనా. నారు నాటేది ఆ చలికాలంలోనే. వాన జాగుచేస్తే నారు చస్తుంది. 2015 నుంచి 2018 వరకు పశ్చిమ కేప్‌ను పీడించిన కరవు అందరికీ గుర్తే. ఈ పొదకు అనువైన నేల మున్ముందు తగ్గుతుందని, ఆగ్నేయ దిశకు, కొండ పైకి జరుగుతుందని లెక్కలు చెబుతున్నవి. మొక్క జరగవచ్చును. చిన్నరైతు పొలం లేచి నడవదు కదా! శిఖరం చేరిన తరువాత ఎక్కడానికి మెట్టు కూడా ఉండదు.

ఒక ఆశ లేకపోలేదు. అడవి రోయ్‌బోస్‌లో కొన్ని రకాలు నిప్పు అంటుకొన్నా వేరు నుంచి మళ్ళీ చిగురిస్తాయి. తోటమొక్క కంటె అవి కరవుకు బాగా ఓర్చుకుంటాయని అక్కడి చిన్నరైతులు గమనించినారు. చీమల గింజల నాటివలె ఈనాడు కూడా దారి చూపేవారు వారే.

నేను భూగోళం పాఠం చెప్పే రోజులలో, దేశపటంలో చలికాలపు వానల ప్రాంతానికి పిల్లలచేత ఒక రంగు వేయించేవాడిని. ఆ రంగు అంచు కదలదనే అనుకొన్నాను. మన తాతలు తమ మొక్కలకు తగిన నేల వెదుక్కోగలిగినారు. సీడర్‌బర్గ్ వారికి ఆ వీలు లేదు. ఈసారి ఎర్ర తేనీరు త్రాగేటప్పుడు వారిని ఒక్కమారు తలచుకొందాము.