దుమగెతె: విద్యార్థి జేబుకు సరిపడ్డ ఊరు

ఫిలిప్పీన్స్‌లోని నీగ్రోస్ దీవికి ఆగ్నేయపు కొసన, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న నగరం దుమగెతె. 2020 జనగణన నాటికి జనాభా 1,34,000 పైచిలుకు. నీగ్రోస్ ఓరియెంటల్ ప్రావిన్సుకు ఇదే ముఖ్యపట్టణం. ఆ దేశానికి వెళ్తూ ఖర్చు లెక్క వేసుకునేవాళ్ళలో ఈ ఊరికి చవకైనదన్న పేరుంది. ఆ చవక నిన్నమొన్న వచ్చింది కాదు. నూట ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడి వ్యాపారం చదువుకోవడానికి వచ్చిన పిల్లల మీద ఆధారపడి సాగింది. వాళ్ళు పెట్టగలిగినంతలోనే అంగళ్ళూ అద్దెలూ సర్దుకున్నాయి.

అంతకు ముందు వచ్చినవాళ్ళు మాత్రం ఇవ్వడానికి కాదు, ఎత్తుకుపోవడానికి వచ్చారు. ఇక్కడి వాడుక భాష సెబువానోలో ‘దగిత్’ అంటే తన్నుకుపోవడం, గద్ద కోడిపిల్లను తన్నుకుపోయినట్టు. ఊరి పేరు ఆ మాట నుంచే వచ్చిందని చెబుతారు. దక్షిణాన సూలూ, మిందనావ్ వైపు నుంచి పడవల్లో వచ్చిన మూకలు తీరంలో మనుషులను పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవి. ఆ రోజుల్లో స్పానిష్ మతగురువులు చర్చి పక్కన కట్టించిన గంట గోపురం సగం ప్రార్థనకైతే సగం కాపలాకు. దాని మీద నుంచి సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండి, తెరచాపలు కనబడగానే గంట కొట్టేవారు. గోపురం ఇప్పటికీ నిలిచి ఉంది. దాని మొదట్లో కొవ్వొత్తులు అమ్మే ఆడవాళ్ళు కూర్చుంటారు, మొక్కుకునేవాళ్ళు అక్కడే వెలిగించి వెళ్తారు.

1890లో నీగ్రోస్ దీవిని రెండు ప్రావిన్సులుగా విడగొట్టినప్పుడు దుమగెతెకు ముఖ్యపట్టణం హోదా వచ్చింది. న్యాయస్థానం, అధికారులు, సిపాయిలు వెంట వచ్చారు. ఓడలు ఆగడం మొదలైంది. అలా ఆగిన ఓడల్లో ఒకటి ‘ఎస్పాన్యా’. మిందనావ్‌లోని దపితన్‌లో నాలుగేళ్ళు ప్రవాసశిక్ష అనుభవించిన జాతీయోద్యమ రచయిత, కంటి వైద్యుడు హోసె రిజాల్ మనీలాకు వెళ్తూ 1896 ఆగస్టు 1న అందులో ఇక్కడికి వచ్చాడు. కొద్ది గంటల మజిలీలోనే న్యాయాధికారిగా ఉన్న పాత స్నేహితుణ్ణి చూశాడు. స్పానిష్ పోలీసు దళపు కెప్టెన్ ఒకరికి కంటి శస్త్రచికిత్స కూడా చేశాడు. అయిదు నెలలు తిరక్కముందే స్పానిష్ ప్రభుత్వం ఆయన్ను కాల్చి చంపింది. సముద్రం వెంబడి సాగే రోడ్డుకు ఆ పేరే పెట్టారు, రిజాల్ బులవార్డ్. చెరకు తోటల యజమానులు 20వ శతాబ్దం తొలినాళ్ళలో కట్టుకున్న భవంతులు ఆ రోడ్డు మీదే వరసగా ఉంటాయి.

ఊరి తలరాత మార్చింది మాత్రం తోటల డబ్బు కాదు. స్పెయిన్ పాలన పోయి అమెరికా పాలన వచ్చాక, న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హోరేస్ సిల్లిమన్ అనే దాత ఫిలిప్పీన్స్‌లో బడి పెట్టమని ప్రెస్బిటేరియన్ మిషన్‌కు 10,000 డాలర్లు ఇచ్చాడు. స్థలం వెదకడానికి వచ్చిన డేవిడ్ హిబ్బర్డ్ పెద్ద రేవులను వదిలి, దారిలో చూసిన దుమగెతె దగ్గర ఆగిపోయాడు. 1901 ఆగస్టు 28న బడి తెరిచారు. వచ్చింది 15 మంది మగపిల్లలు. సామగ్రి చూస్తే పది అడుగుల పొడవైన డెస్కులు నాలుగు, బల్లలు రెండు, కుర్చీలు రెండు, కాసిని పాఠ్యపుస్తకాలు. హిబ్బర్డ్ అధ్యక్షుడు, ఆయన భార్య లారా ఒక్కరే మొత్తం అధ్యాపక బృందం. ఆ బడే 1938లో సిల్లిమన్ విశ్వవిద్యాలయమైంది. 1904లో సెయింట్ పాల్ సన్యాసినులు వచ్చి ఆడపిల్లల బడి పెట్టారు. దీవుల నలుమూలల నుంచీ పిల్లలు రావడంతో ఇళ్ళలో గదులు అద్దెకివ్వడం, భోజనాలు పెట్టడం ఊరికి స్థిరమైన ఆదాయమయ్యాయి.

ఖర్చు లెక్కలో మరో సగం డబ్బు విలువది. బడి తెరిచేనాటికి మెక్సికో వెండి నాణేలు చెలామణిలో ఉండేవి. 1903లో అమెరికా ప్రభుత్వం కొత్త పెసో తెచ్చి దాని విలువను అర డాలరుగా కట్టింది. 1942 మేలో జపాన్ సైన్యం ఊళ్ళోకి దిగాక ముద్రించి వదిలిన నోట్లకు జనం పెట్టిన పేరు ‘మిక్కీ మౌస్ డబ్బు’. ఆ మాటలో ఎగతాళి ఎంతో, కడుపుమంట అంత. కొండల్లోకి వెళ్ళిన ప్రతిఘటన వర్గాలు నీగ్రోస్‌కు విడిగా అత్యవసర నోట్లు అచ్చువేశాయి. సిల్లిమన్ గురువులు కొందరు ఆ కొండల్లోనే పాఠాలు చెప్పారు, దాన్ని ‘అడవి విశ్వవిద్యాలయం’ అన్నారు. 1945 ఏప్రిల్‌లో ఊరు విముక్తమైంది, 1948లో నగర హోదా దక్కింది. డాలరుకు 2 పెసోలన్న కట్టు 1960ల మొదట్లో తెగింది. 1970లో 6 దాటిన మారకం 2022లో 59ని తాకింది. విదేశీ విశ్రాంత ఉద్యోగులు ఇక్కడ ఇళ్ళు తీసుకోవడానికి సముద్రపు గాలి ఒక కారణమైతే, ఈ లెక్క ఇంకొకటి.

రోజువారీ ఖర్చును అర్థం చేసుకోవాలంటే మార్కెట్లోని ‘పైనితన్’ చూడాలి. పేరులోని ‘ఇనిత్’ అంటే వేడి. తెల్లవారకముందే పొడవాటి బల్లల ముందు జనం భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు. అరటాకులో చుట్టి ఉడికించిన బంక బియ్యపు ‘బుద్‌బుద్’, చిక్కటి వేడి చాక్లెట్ పానీయం, దొరికే రోజుల్లో మామిడిపండు ముక్క. బియ్యానికి బదులు చిరుధాన్యంతో చేసే రకాన్ని ‘బుద్‌బుద్ కబోగ్’ అంటారు. కూలి, లెక్చరర్, పర్యాటకుడు తినేది అదే, కట్టేదీ అంతే. ఊళ్ళో తిరగడానికి మోటారు సైకిలుకు బండి కట్టిన వాహనం ఉంది. తొక్కేది కాకపోయినా ఇక్కడ దాన్ని ‘పెడిక్యాబ్’ అనే పిలుస్తారు. ఎక్కేవాళ్ళు వెళ్ళే చోటు చెబితే, దారి కలిసినవాళ్ళనే డ్రైవర్ ఎక్కించుకుంటాడు. అరడజను మంది సర్దుకుంటారు కాబట్టి మనిషికి పడేది కొద్దే.

సముద్రం మీద ఖర్చు పెట్టించడం ఈ ఊరు ఆలస్యంగా నేర్చుకుంది. అదీ విశ్వవిద్యాలయం చలవే. సిల్లిమన్‌లో జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా చొరవతో 1974లో సుమిలోన్ దీవి దగ్గర, 1982లో ఆపో దీవి దగ్గర తీరంలో కొంత భాగాన వేట నిలిపివేశారు. వేట లేని చోట చేపలు పెరిగి చుట్టుపక్కలకు పాకడంతో ఆపో జాలర్లు ఒప్పుకున్నారు. తర్వాత డైవర్లు వచ్చారు, ప్రవేశ రుసుం వచ్చింది. 2011, 2012 డిసెంబర్లలో తుపాన్లు ఆ రక్షిత భాగంలోని పగడాలను చాలావరకు విరగ్గొట్టాయి. ఆపోకు పడవ మలతపాయ్ రేవు నుంచి బయలుదేరుతుంది. సాధారణంగా మనిషికి ఇంతని కాకుండా పడవ మొత్తానికి కిరాయి కట్టాలి. అందుకే ఒంటరిగా వచ్చిన ప్రయాణికులు పొద్దున్నే ఆ రేవులో చేరి, కిరాయి పంచుకునే తోడు దొరికేదాకా ఎదురుచూస్తుంటారు.