లెక్కల్లో మనం – 7: వృత్తి ‘లేదు’



మా పిన్ని విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై ఏళ్లు పనిచేసింది. తెల్లారకముందే జెట్టీ మీదికి చేరి, బోటు దిగిన చేపల్ని రకాలవారీగా ఏరడం, తట్టలు మోయడం, అమ్ముడుపోనివి ఉప్పు పట్టించి ఎండబెట్టడం. కూలి కొంత డబ్బు, కొంత చిన్నచేప. 2016లో ఆమె పోయాక మరణ నమోదు ఫారం నింపింది నేనే. అందులో మృతుల వృత్తి అని ఒక గడి. వృత్తి లేకపోతే ‘లేదు’ అని రాయమని పక్కనే సూచన. తమ్ముణ్ని అడిగాను. “ఏ పనీ లేదన్నా, ఇంటికాడే ఉండీది” అన్నాడు. ఆమె కూలి డబ్బులతో చదువుకున్నవాడు! నేనూ అదే రాశాను. కాబట్టి ఆఫీసువాళ్లని తిట్టే హక్కు నాకు లేదు.

అదే ఫారం పొగ, పొగాకు, వక్క, మద్యం అలవాట్లు ఎన్నేళ్లుగా అని అడిగింది. మతం అడిగింది. కులం అడగలేదు. తర్వాత చేతికొచ్చే సర్టిఫికెట్‌లో వృత్తి కనబడదు. ఆ గడి ఉన్న భాగాన్ని విడదీసి గణాంకాలకు పంపుతారు. ఇంటివాళ్లు మళ్లీ దాన్ని చూడరు.

బతికుండగా మాత్రం పిన్ని లెక్కలో ఉందా? 1961 జనగణనలో చేపలవేటని గనులు, పశువులు, అడవి, తోటలతో కలిపి ఒక గడిలో పెట్టారు. 2001 నాటికి ప్రాథమిక పట్టికలో అది కూడా పోయింది. చేపల పనివాళ్లూ సాఫ్ట్‌వేర్ ఇంజినీరూ ఇద్దరూ ‘ఇతర కార్మికులే’. 2017లో మొదలైన పీఎల్ఎఫ్ఎస్ ఉపాధి సర్వేలో ఇంట్లో ఒకరు అందరి తరఫునా జవాబు చెప్పొచ్చు. మా తమ్ముడు చెబితే పిన్ని 92వ కోడ్ కిందికి పోతుంది. ఇంటిపని మాత్రమే, శ్రామికురాలు కాదు.

ఇంగ్లండ్‌లో వృత్తినిబట్టి చావుల్ని లెక్కగట్టడం 1851 జనగణనతోనే మొదలైంది. 1911 నాటికి తండ్రి పనినిబట్టి శిశుమరణాలూ లెక్కేశారు. ఏ కూలోడి బిడ్డ ఎక్కువ చస్తుందో అక్కడి సర్కారుకి తెలుసు. మన దగ్గర 1931 తర్వాత పూర్తి కుల పట్టికలే ఆగిపోయాయి. జనగణన నుంచి వాటిని తీసేయడాన్ని 1955లో భాషాప్రయుక్త రాష్ట్రాలపై రాస్తూ అంబేడ్కర్ గట్టిగా ఎగతాళి చేశాడు. ఎస్సీ, ఎస్టీల తలలు లెక్కపెడుతూనే వచ్చారు. చావుల లెక్క చెప్పే ఎస్ఆర్ఎస్ నివేదికల్లో మాత్రం గ్రామం, పట్టణం, ఆడ, మగ ఉంటాయి, కులం ఉండదు.

దొరికిన కొద్దిపాటి లెక్కలు చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వెయ్యి జననాలకు శిశుమరణాలు ఎస్సీల్లో 45, ఎస్సీ ఎస్టీ ఓబీసీలు కాని ‘ఇతరుల్లో’ 32. 2010-11 సర్వే ఆధారంగా 2022లో వచ్చిన ఒక అధ్యయనం, దళితుల ఆయుర్దాయం అగ్రకుల హిందువులకన్నా మూడేళ్లకు పైగా, ఆదివాసీలది నాలుగేళ్లకు పైగా తక్కువని తేల్చింది. ఆస్తుల తేడాని పక్కనపెట్టినా ఆ అంతరం పూర్తిగా పోలేదు. అది తొమ్మిది రాష్ట్రాల లెక్క. అందులో ఆంధ్ర లేదు.

జనగణనలో కులం కూడా లెక్కిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. మంచిదే, కొట్లాడి తెచ్చుకున్నదే. కానీ మరణాల రేటంటే భిన్నం. పోయినవాళ్లు పైన, బతికున్నవాళ్లు కింద. కులగణనతో హారం వస్తుంది. లవం రావాలంటే ఆ మరణ ఫారంలో కులం గడి ఉండాలి. దీని గురించి మన సంఘాలు ఇంకా ఒక్క వినతిపత్రమైనా రాశాయా అని నా అనుమానం. నేనైతే రాయలేదు, ఇప్పుడు మొదలుపెట్టాను.

పిన్ని పక్కన కూర్చుని చేపలు ఏరిన జాలరి అక్కలు బీసీ-ఏ. కేంద్రం సర్వేల్లో వాళ్లు ఓబీసీ అనే ఒకే గంపలో, భూములున్న కులాలతో కలిసి ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు హార్బర్‌లో తీరిక దొరుకుతుంది. వాళ్లతో కూర్చుని మాట్లాడి ఎనిమిదో భాగం రాస్తాను.