బేరి ఆకారపు వజ్రపు ఉంగరం: గోల్కొండ గనుల నుంచి సూరత్ సానల దాకా

ఒక కొస గుండ్రంగానూ, రెండవ కొస మొనదేలీ ఉండేట్టు బేరిపండు రూపంలో సానపట్టిన వజ్రాన్ని బేరి ఆకారపు వజ్రం అంటారు. నగల వర్తకంలో దీనికి పియర్ షేప్ అన్న పేరే వాడుకలో ఉంది. గుండ్రని బ్రిలియంట్ కోతకూ, రెండు కొసలూ మొనదేలిన మార్క్విజ్ కోతకూ నడుమ నిలిచే ఈ రూపానికి నేడు సాధారణంగా 58 పలకలు ఉంటాయి. ఈ ఆకారం పుట్టుకకు అందంతో పాటు బరువు కూడా కారణమే: ముడిరాయి ఒకవైపు లావుగా, మరొకవైపు సన్నగా ఉన్నప్పుడు దాన్ని గుండ్రంగా కోస్తే చాలా భాగం పొడై పోతుంది, బేరి ఆకారంలో కోస్తే అందులో ఎక్కువ పాలు నిలుస్తుంది. బరువును కాపాడుకోవాలా, కాంతిని రాబట్టాలా అన్న పెనుగులాట కొల్లూరు గనుల కాలంలో ఎలా ఉండేదో, నేడు ప్రపంచపు వజ్రాల్లో అత్యధిక భాగానికి సానపట్టే సూరత్ నగరంలోనూ అలాగే ఉంది. ఉంగరం కొనేవారికి ఈ సంగతి తెలిసి ఉంటే పాత రాయిని గానీ, కొత్త రాయిని గానీ చూసే చూపే మారుతుంది.

కృష్ణాతీరం, తొలి కోతలు

1725 ప్రాంతంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేవరకు ప్రపంచపు అంగళ్ళకు వజ్రాలు దాదాపుగా భారతదేశం నుంచే వెళ్ళేవి. వాటిలో ప్రసిద్ధమైన రాళ్ళకు పుట్టినిల్లు గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోని కృష్ణాతీరం: పల్నాటి కొల్లూరు, నేటి ఎన్టీఆర్ జిల్లాలోని పరిటాల. 17వ శతాబ్దంలో సూరత్ రేవులో దిగి గోల్కొండకు ప్రయాణించిన ఫ్రెంచి రత్నవర్తకుడు జాఁ బాప్తిస్త్ తవెర్నియే, 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో కొల్లూరు గనిలో స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి 60,000 మంది దాకా పనిచేసేవారని రాశాడు. గనుల దగ్గర గుజరాతీ వణిజులు కొనుగోళ్ళు చేసేవారని కూడా ఆయన రచన వల్ల తెలుస్తుంది. అంటే తెలుగు నేలలో దొరికిన రాయికీ, సూరత్ వర్తకుడి త్రాసుకూ ఉన్న సంబంధం నేటి సానయంత్రాల కన్నా కనీసం రెండున్నర శతాబ్దాలు పాతది. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

భారతీయ రత్నపరీక్ష గ్రంథాలు ఆరు కోణాలు, ఎనిమిది ముఖాలు, పన్నెండు అంచులు కలిగిన సహజ స్ఫటికాన్నే ఉత్తమ వజ్రంగా చెప్పాయి కాబట్టి, దాన్ని కోసి రూపం మార్చడం ఈ దేశపు పనివాళ్ళకు తొలి ఆదర్శం కాలేదు. రాయి దోషం లేకుండా ఉంటే సానమీద కొద్దిగా మెరుగుపెట్టి వదిలేవారనీ, లోపల మచ్చ గానీ చీలిక గానీ ఉంటే దాని మీద చిన్న చిన్న పలకలు అనేకం చెక్కి కప్పేసేవారనీ తవెర్నియే గమనించాడు. ఇది అజ్ఞానం వల్ల చేసిన పని అని పాశ్చాత్య రచనలు కొన్ని తేల్చేశాయి గాని, ఆ తీర్పు సరికాదు. బరువే విలువగా, రాయి సహజరూపమే శుభంగా ఎంచిన సంప్రదాయంలో అది పూర్తిగా తర్కబద్ధమైన పద్ధతి.

ఐరోపాలో బేరి ఆకారాన్ని 15వ శతాబ్దంలో బ్రూజ్ పట్టణపు పనివాడు లోడెవిక్ వాన్ బెర్కెమ్ కనిపెట్టాడన్నది ప్రచారంలో ఉన్న కథ. అయితే దాన్ని ప్రచారం చేసినవాడు రెండు వందల ఏళ్ళ తరువాత ఆయన వంశీయుడినని చెప్పుకున్న ఒక రచయిత. వజ్రపు పొడితో వజ్రాన్ని సానపట్టే విద్య అంతకు ముందే ఐరోపాలో ఉండేదని తెలుస్తూనే ఉంది కాబట్టి ఆ ఘనతను ఒక్కరికి కట్టబెట్టడం కుదరదు. అంతకన్నా గట్టి సాక్ష్యం భారతదేశం నుంచి వెళ్ళిన రెండు రాళ్ళు. ఫ్రెంచి ప్రభువు నికొలా ద హార్లే సాన్సీ పేరు మోస్తున్న సాన్సీ వజ్రం (55.23 క్యారెట్లు) లేత పసుపు ఛాయతో, అడుగుభాగమంటూ లేకుండా రెండువైపులా ఒకే తీరుగా చెక్కిన బేరి ఆకారపు రాయి, 1604లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌కు చేరిన ఆ వజ్రం నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సొత్తు. దాని జంటగా చెప్పుకునే బో సాన్సీ (34.98 క్యారెట్లు) 1610లో ఫ్రాన్సు రాణి మరీ ద మెదీసి పట్టాభిషేక కిరీటాన్ని అలంకరించింది, 2012లో జెనీవా వేలంలో 97 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. క్యారెట్ అంటే రత్నాల తూకంలో 200 మిల్లీగ్రాములు.

ఆర్కాటు జంట

బేరి ఉంగరాల చరిత్రలో దక్షిణాది పాత్ర అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఆర్కాటు వజ్రాలలో. ఆర్కాటు నవాబు 1777లో ఇంగ్లండు రాణి షార్లెట్‌కు పంపిన వజ్రాల్లో రెండు పెద్ద బేరి రాళ్ళు ఉన్నాయి: ఒకటి 33.70, రెండవది 23.65 క్యారెట్లు. రాణి మరణానంతరం అమ్మకానికి వచ్చిన ఈ జంటను 1837 వేలంలో వెస్ట్‌మినిస్టర్ ప్రభువు కొన్నాడు. ఆ కుటుంబపు కిరీటంలో చాలాకాలం వెలిగిన తరువాత 1959లో అమెరికన్ వర్తకుడు హారీ విన్‌స్టన్ చేతికి వచ్చాయి. ఆయన కాంతి పెంచడానికి రెంటినీ మళ్ళీ సానపట్టించి, చెరొక ఉంగరంలో పొదిగించి అమ్మాడు. మొదటిది 30.99 క్యారెట్లకు, రెండవది 18.85 క్యారెట్లకు తగ్గాయి. రెండవ రాయిని 21వ శతాబ్దంలో మరోసారి సానపట్టగా అది 17.21 క్యారెట్లయింది, 2019 జూన్‌లో న్యూయార్క్ వేలంలో అది సుమారు 34 లక్షల డాలర్లు పలికింది. కాగితం మీద దాని నిర్మలత మెరుగుపడిన మాట నిజమే. కానీ 18వ శతాబ్దపు పనివాడి చేతిరేఖలు ఆ పొడితో పాటే పోయాయి, వాటిని తిరిగి తెచ్చే సాన లేదు. నత్రజని లేశం కూడా దాదాపుగా లేని ఇటువంటి స్వచ్ఛమైన వజ్రాలను శాస్త్రవేత్తలు రెండవ-ఏ రకం అంటారు. వేలం సంస్థలు నేటికీ వాటిని గోల్కొండ పేరుతోనే అమ్మడం ఆ గనుల కీర్తికి నిదర్శనం.

ఉంగరాల్లో బేరి రాయి వాడుకకు ఐరోపాలో మరొక ప్రసిద్ధ ఉదాహరణ 1796లో నెపోలియన్ జోసెఫీన్‌కు ఇచ్చిన నిశ్చితార్థపు ఉంగరం. ఒక్కొక్కటి క్యారెట్ కన్నా కొంచెం తక్కువ తూగే బేరి ఆకారపు నీలం, బేరి ఆకారపు వజ్రం ఒకదానికొకటి ఎదురెదురుగా పొదిగిన ఆ సాదా నగ 2013 మార్చిలో ఫ్రాన్సులో వేలానికి వచ్చి, అంచనా ధరకు అనేక రెట్లు పలికింది. ఈ జంటరాళ్ళ పద్ధతిని ఫ్రెంచి భాషలో తువా ఎ మువా, అంటే నువ్వూ నేనూ, అంటారు. నేటి కొత్త ఉంగరాల్లో అది మళ్ళీ విరివిగా కనిపిస్తోంది.

ఆఫ్రికా గనుల తరువాత

1867 తరువాత దక్షిణాఫ్రికాలో వజ్రాలు వెల్లువెత్తాయి. పెద్ద ముడిరాళ్ళు దొరకడంతో బేరి ఆకారం కూడా పెద్దదైంది: 1905లో దొరికిన 3,106 క్యారెట్ల కల్లినన్‌ను 1908లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆషర్ సంస్థ కోసినప్పుడు, అందులోని ప్రధాన భాగం 530.2 క్యారెట్ల బేరి రాయిగా రూపొంది బ్రిటిష్ రాజదండంలో చేరింది. సామాన్యులకు ఈ ఆకారాన్ని దగ్గర చేసింది మాత్రం సినిమాతార ఎలిజబెత్ టేలర్ ఉంగరం. 1966లో దొరికిన 240.80 క్యారెట్ల ముడిరాయి నుంచి వచ్చిన 69.42 క్యారెట్ల ఆ బేరి వజ్రాన్ని 1969లో కార్టియే సంస్థ వేలంలో 10,50,000 డాలర్లకు కొనగా, మరునాడే రిచర్డ్ బర్టన్ ఆ సంస్థ నుంచి దాన్ని తన భార్య కోసం కొన్నాడు. ఉంగరంగా మరీ బరువైనందువల్ల దాన్ని ఆమె హారంలోకి మార్పించుకుంది.

దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటీన్ గని రాళ్ళ నీలిఛాయ వల్లనే తెలుగు, తమిళ కుటుంబాల్లో బ్లూ జాగర్ అన్న మాట నిలిచింది. ఏడురాళ్ళ కమ్మలకూ ముక్కుపుడకకూ ఆ ఛాయ ఉన్న రాళ్ళనే ఏరికోరి తీసుకోవడం పాత పద్ధతి. అతినీలలోహిత కిరణాలకు నీలంగా మెరిసే గుణాన్ని అంతర్జాతీయ విపణిలో తరచుగా లోపంగా లెక్కించి ధర తగ్గిస్తారు. దక్షిణాది కొనుగోలుదారుకు ఇది లాభించే అభిప్రాయభేదం, రాయి మసకబారి కనిపించనంతవరకు అందులో నష్టమేమీ లేదు.

సూరత్, పాండేసర

20వ శతాబ్దంలో, ముఖ్యంగా 1960ల తరువాత, పాలన్‌పూర్ జైన వర్తకుల పెట్టుబడితో, సౌరాష్ట్ర పటేళ్ళ శ్రమతో సూరత్ సానపరిశ్రమ పెరిగింది. మొదట చిన్న గుండ్రని రాళ్ళకే పరిమితమైన ఈ నగరం క్రమంగా బేరి, మార్క్విజ్ వంటి ప్రత్యేక ఆకారాలకూ కేంద్రమైంది. వజ్రపు పొడి పూసిన ఇనుప చక్రం తిరిగే బల్లను ఇక్కడ ఘంటి అనీ, దాని చుట్టూ కూర్చుని పనిచేసేవారిని రత్నకళాకార్లనీ పిలుస్తారు. ముడిరాయిని యంత్రం నలువైపులా చిత్రించి, లోపలి మచ్చల స్థానం గుర్తించి, ఏ ఆకారంలో కోస్తే ఎంత బరువు, ఎంత ధర వస్తుందో తెరమీద చూపుతుంది. తరువాత లేజరు కోస్తుంది. బేరి రాయికి భుజాలు రెండూ సమంగా దించి, మొన విరగకుండా ముగించే నేర్పు మాత్రం ఇప్పటికీ చేతిదే.

నగరానికి దక్షిణాన ఉన్న పాండేసర ప్రధానంగా వస్త్రాల అద్దకం, ముద్రణ మిల్లుల పారిశ్రామికవాడ. తెలంగాణ నేతజిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి తదితర కుటుంబాలు సూరత్‌లోని ఉధనా, లింబాయత్, పాండేసర వైపు బస్తీల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంతగా ఇక్కడ తెలుగు నిలిచింది. వీరికి వజ్రాల వీధి దూరదేశపు వింత కాదు. పాతబస్తీలోని మహీధర్‌పురా హీరాబజారులోనూ, వరాఛాలోని మినీబజారులోనూ వర్తకులు కాగితపు పొట్లాలు విప్పి రోడ్డు మీదే బేరాలాడటం నిత్యకృత్యం. పాండేసరకు నైరుతిగా ఖజోద్‌లో నిర్మించిన సూరత్ డైమండ్ బోర్స్ 2023 డిసెంబరు 17న ప్రారంభమైంది. తొమ్మిది బహుళ అంతస్తుల విభాగాల్లో 4,500కు పైగా కార్యాలయాలున్న ఆ భవనం కట్టినంత వేగంగా నిండలేదు, పాత బజారు వీధులు నేటికీ తమ పట్టు వదల్లేదు. ఆ వీధుల్లో పొట్లం వ్యాపారం నమ్మకం మీద, వర్తకుల మధ్య సాగేది; పెళ్ళి ఉంగరం కొనే కుటుంబం అక్కడ కాక, రశీదూ ధ్రువపత్రమూ ఇచ్చే దుకాణంలో కొనడమే క్షేమం.

ఎంపిక

గుండ్రని వజ్రానికి ప్రయోగశాలలు కోత నాణ్యతను శ్రేణిగా ప్రకటిస్తాయి. బేరి రాయికి అమెరికా రత్నశాస్త్ర సంస్థ జీఐఏ అటువంటి శ్రేణి ఇవ్వక, మెరుగు, సౌష్ఠవాలను మాత్రమే నమోదు చేస్తుంది. అందువల్ల రంగు, నిర్మలత, బరువు మూడూ ఒకటేగా ఉన్న రెండు రాళ్ళలో ఒకటి జీవంతోనూ, మరొకటి చచ్చినట్టూ కనిపించవచ్చు, కాగితం ఆ తేడా చెప్పదు. ఇక్కడ కంటిని మించిన పరీక్ష లేదు. రాయి నడుమ అడ్డంగా, రెండు త్రికోణాల కొసలు కలిసినట్టు కనిపించే నల్లని నీడను బో టై అంటారు. అడుగు పలకల కోణాలు పొడవునా ఒకేలా ఉండలేవు కాబట్టి, కొన్ని పలకలు వెలుగును కాక చూసేవారి తల నీడనే తిప్పి పంపడం వల్ల అది ఏర్పడుతుంది. కొద్దిపాటి నీడ ఈ ఆకారానికి సహజం, కదిలించినా చెదరని చీకటి మాత్రం కోత లోపమే. దుకాణపు దీపాల కింద అది దాగిపోతుంది కాబట్టి రాయిని గుమ్మం దగ్గరి పగటి వెలుతురులో చూడాలి. పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్ల నుంచి 1.7 రెట్ల వరకు ఉండడం ఎక్కువమందికి నచ్చే నిష్పత్తి. అదే బరువు గుండ్రని రాయి కన్నా బేరి రాయి వేలి మీద పెద్దదిగా కనబడుతుంది, క్యారెట్ ధర కూడా సాధారణంగా తక్కువే. మొన సున్నితమైనది గనుక దాన్ని రెండు పక్కలా కప్పే ‘వి’ ఆకారపు బంగారు పట్టు తప్పనిసరి.

పాత ఉంగరాల విషయం వేరు. 19వ శతాబ్దపు తొలినాళ్ళ వరకు రాయి వెనుక లోహపు రేకు పెట్టి మూసి పొదిగేవారు. మన కుందనపు నగల్లోనూ ఇదే పద్ధతి. మూసిన పొదుగులో రాయి అసలు రంగు తెలియదు, నీళ్ళు తగిలితే రేకు నల్లబడుతుంది. చిన్న పై పలక, ఎత్తైన పైభాగం, అడుగున మొనకు బదులు చెక్కిన చిన్న పలక, అంతగా సమంగా లేని అంచు పాత కోతకు గుర్తులు. దీపపు వెలుగు కోసం చెక్కిన ఆ రాళ్ళు వెడల్పాటి కాంతిరేకలు విసురుతాయి. పాత దిమ్మెలో, అంటే ఉంగరపు లోహభాగంలో, కొత్త రాయి, కొత్త దిమ్మెకు పాత రూపం రెండూ బజారులో ఉన్నాయి. వెనుకవైపు అతుకులూ, లోపలి అరుగుదలా, రాతి నడుము మీద లేజరుతో చెక్కిన సంఖ్యా చూస్తే చాలావరకు బయటపడతాయి.

కొత్త ఉంగరాల్లో పెద్ద మార్పు ప్రయోగశాలలో పెంచిన వజ్రం. మీథేన్ వాయువు నుంచి పొరలుగా పేర్చే సీవీడీ పద్ధతికి సూరత్ ముఖ్య కేంద్రం. రసాయనికంగా ఇది వజ్రమే, కంటితో తేడా తెలియదు. 2023 కేంద్ర బడ్జెట్‌లో దీన్ని పెంచడానికి వాడే బీజపు రేకుల మీద సుంకం ఎత్తివేశారు; పరిశోధనకు ఐఐటీ మద్రాసును ఎంపిక చేశారు. ధర మాత్రం ఉత్పత్తి పెరిగిన కొద్దీ పడిపోతూ వచ్చింది. పెద్ద బేరి ఉంగరం తొడగాలన్న కోరికను ఇది తక్కువలో తీరుస్తుంది. తిరిగి అమ్మితే విలువ వస్తుందన్న ఆశతో దీన్ని కొనడం మాత్రం పొరపాటు. బంగారు దిమ్మెకు 2023 ఏప్రిల్ నుంచి ఆరక్షరాల హెచ్‌యూఐడీ హాల్‌మార్క్ తప్పనిసరి; వజ్రాల ఉంగరాలకు వాడే 18 క్యారెట్ల బంగారం మీద 750 అన్న అంకె ఉంటుంది. రశీదులో రాయి బరువు, బంగారం బరువు, తరుగు, మజూరు విడివిడిగా రాయించుకోవాలి.

వందేళ్ళు దాటిన కళాత్మక వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. విదేశంలో ఉన్న పిల్లలకు ముత్తవ్వ ఉంగరం పంపదలచిన కుటుంబాలు ముందుగా పురావస్తు శాఖను సంప్రదించడం అవసరం. పాత బేరి రాయి మొన కాస్త పెచ్చులూడితే మళ్ళీ సానపట్టమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. ఆ దెబ్బ బంగారు పట్టు కింద దాగేంత చిన్నదైతే పట్టు మార్పించి, రాయిని ఉన్నదున్నట్టు ఉంచడమే మేలు.